ఎదిగిన బిడ్డలతో ఏమి మాటలాడవలెను?



ఈ ప్రసంగము వినుచున్న ఇండ్లలో కొన్నిటియందు తల్లిదండ్రులును, వయసు వచ్చిన కొడుకో కూతురో ఒకే వసారాలో కూర్చుండి యుందురు. విషయము తెలియగానే ఎవరో ఒకరు లేచి రేడియో కట్టివేయుదురేమో యను సందేహము మాకు కలదు. దయచేసి కట్టివేయకుడు. మేము చెప్పబోవునది సిగ్గుపడవలసిన సంగతి కాదు. బిడ్డల ఆరోగ్యమునకును, మర్యాదకును, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకును సంబంధించిన సంగతి.

అనంతపురము సీమలో సేద్యగానికి అదను అనగా ఏమో ఒకరు చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేల ఇది. పదునుండగా విత్తనము పడినచో నాలుగు కాయలు చేతికి వచ్చును. అదను దాటిన పిమ్మట ఎంత మంచి విత్తనమైనను మట్టిపాలే. బిడ్డలకు చెప్పవలసిన మాటలకును అట్టి అదను ఒకటి కలదు. మనలో చాలమందిమి దానిని చేజేతుల జారవిడుచుచున్నాము.

మా ఇంటి సంగతియే చెప్పెదము. ఒక ఏడు వాన మొగము చాటువేసి చెనిక్కాయ చేను ఎండిపోయెను. పందొమ్మిదేండ్ల మా పెద్దవాడు బెంగళూరికి పనికి బయలుదేరెను. తల్లి రొట్టెలును, చెనిక్కాయల పొడియు మూటగట్టి ఇచ్చెను. మేము బస్సు దాకా వెంటబోయి, "డబ్బు జాగ్రత్త నాయనా, వేళకు తిను, రాత్రిపూట తిరగొద్దు" అంటిమి. బస్సు కదలెను. తండ్రి ధర్మము తీరినదనుకొని ఇంటికి వచ్చితిమి.

ఆరునెలలకు వాడు పండుగకు వచ్చి, ఎవరితోను కలియక మూడు దినములు ముడుచుకొని పడుకొనెను. ఎంత అడిగినను పలుకలేదు. తుదకు తల్లి ఒడిలో తల పెట్టి చెప్పెను. నిద్రలో వీర్యస్ఖలనమగుట పెద్ద జబ్బని, పెండ్లికి పనికిరాకుండ పోవునని గోడమీది ప్రకటన యొకటి చదివి, లాడ్జిలో దిగిన ఒక వైద్యుని వద్దకు పోయినాడట. ఆయన వీని భయము పెంచి, రెండు నెలల జీతము తీసికొని, ఏవో పొట్లములు ఇచ్చినాడట. వానికి జబ్బు ఏమియు లేదు. ఆ వయసున మగపిల్లలకు అట్లగుట సహజము. దానివలన బలము తరుగదు, మగతనము పోదు. ఈ నాలుగు ముక్కలు ముందుగా తెలిసియున్నచో ఆ పిల్లవానికి అంత నరకయాతన లేకపోవును.

"ఇంత జరిగితే మాకెందుకు చెప్పలేదురా?" అని అడిగితిమి.

"మీరెప్పుడైనా ఇట్లాంటివి మాట్లాడినారా నాయనా, నేను చెప్పేదానికి?" అనెను.

ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయెను.

ఆడపిల్లల విషయమున మన తీరు మరింత విచిత్రమైనది. పిల్ల పెద్దమనిషి అయినచో పందిరి వేసి, పేరంటము పిలిచి, చిమ్మిలి పెట్టి, ఊరందరికిని చాటుదుము. ఊరికంతకు తెలిసిన ఆ సంగతి ఏమిటో, ఎందుకు జరుగునో, నెలనెల ఎట్లు శుభ్రముగా ఉండవలెనో, గర్భము ఎట్లు కలుగునో ఆ పిల్లకు చెప్పువారు మాత్రము ఉండరు. "పెండ్లయితే అదే తెలుస్తుందిలే" అందురు. తెలియక పెండ్లిపీటలెక్కిన బిడ్డ తరువాత తెలిసికొనునది భయముతోను బాధతోను మాత్రమే.

ఈ సీమలో ఈ మౌనము వలన కలుగు హానికి కరవు తోడగుచున్నది. కరవు వచ్చినచో వలస వచ్చును. వలస పోవు తల్లిదండ్రులు ఎదిగిన పిల్లను ఎవరివద్ద విడువవలెనో తెలియక తొందరపడి పెండ్లి చేయుదురు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 20 నుండి 24 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి సుమారు 29 మందికి 18 ఏండ్లు నిండకముందే పెండ్లియైనది. పిల్లకు 18, పిల్లవానికి 21 నిండనిదే పెండ్లి చేయరాదని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము చెప్పుచున్నను ఇది జరుగుచునే యున్నది. వయసు చాలని తల్లికిని, పుట్టిన శిశువునకును ప్రసవమున ముప్పు హెచ్చు.

మగవారు ఊరుగాని ఊరిలో నెలల తరబడి ఒంటరిగా నుందురు. మన దేశమున ఎచ్.ఐ.వి. సోకినవారిని మొట్టమొదట 1986లో మద్రాసులో గుర్తించిరి. ఆ తరువాతి కాలమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ వ్యాధి మిక్కిలిగా వ్యాపించిన రాష్ట్రములలో ఒకటియైనది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమున ఆరంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, బత్తలపల్లిలోని తన ఆసుపత్రిలో ఈ వ్యాధి సోకినవారికి ఏండ్ల తరబడి చికిత్స చేసినది. గడప దాటని ఇల్లాలికి సయితము భర్త ద్వారా ఈ వ్యాధి సోకవచ్చును. ఆమె చేసిన తప్పు ఏమియు లేదు. ఆమెకు ఎవరును ఏమియు చెప్పకపోవుటయే పెద్దలము చేసిన తప్పు.

"ఇవన్నీ చెప్పితే పిల్లలు చెడిపోరా?" అని పెద్దలు అడుగుదురు. మేమును ఒకప్పుడు అట్లే తలచితిమి. ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ పలు దేశముల పరిశోధనలను సమీక్షించి 2009లోను, మరల 2018లోను మార్గదర్శకములు ప్రకటించినది. సరియైన లైంగిక విద్య పిల్లలను తొందరపెట్టదని ఆ సమీక్షలలో తేలినది. మనము చెప్పకున్నంత మాత్రమున బిడ్డలు తెలిసికొనకుండ నుండరు. చేతిలోని ఫోను చెప్పును, సావాసగాడు చెప్పును, గోడమీది ప్రకటన చెప్పును. వారు చెప్పునదానిలో నిజమెంతయో మా వాని రెండు నెలల జీతమే సాక్ష్యము.

ఇక ఏమి చెప్పవలెను? మొదట శరీరమును గూర్చి దాపరికము లేక చెప్పుడు. ఎచ్.ఐ.వి. రక్షణ లేని సంభోగము వలనను, కలుషితమైన సూదుల వలనను, రక్తము వలనను, తల్లినుండి బిడ్డకును సోకును. కలిసి భోజనము చేసినను, చేయి చేయి కలిపినను సోకదు. 1968లో ప్రభుత్వము 'నిరోధ్' అను పేరిట ఊరూర ప్రచారము చేసిన తొడుగును సరిగా వాడినచో గర్భమునుండియు, ఈ వ్యాధినుండియు చాలవరకు రక్షణ కలుగును. సుఖవ్యాధులలో పెక్కు మందులతో నయమగునవే. దాచినచో ముదురును.

రెండవది మనసును గూర్చి. ప్రేమ కలుగుట నేరము కాదని చెప్పుడు. అయితే ఎదుటివారు వద్దన్నచో అది వద్దనియే అర్థమని కొడుకునకు ప్రత్యేకించి చెప్పుడు. నిజముగా ప్రేమించువాడు బెదిరింపడు, రహస్యముగా ఫొటోలు అడుగడని కూతురునకు చెప్పుడు. పనిచూపెదనని, పెండ్లాడెదనని నమ్మించి దూరదేశములకు కొనిపోయి అమ్మివేసిన కథలు కదిరి ప్రాంతమువారికి కొత్తవి కావు. 18 ఏండ్లు నిండని బిడ్డతో సంబంధము, ఆ బిడ్డ ఒప్పుకొన్నను, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరమని ఇరువురకును తెలియజేయుడు.

ఎట్లు చెప్పవలెనను ప్రశ్నయు కలదు. ఎదుట కూర్చుండబెట్టి ఉపన్యాసమిచ్చినచో ఎవరును వినరు. కాయలు ఒలుచునప్పుడు, చేనికి పోవుదారిలో, చేతులు పనిలో నుండగా, చూపులు కలియనప్పుడు మాట సులువుగా వచ్చును. తల్లి చెప్పలేనిచో అత్తయో, పిన్నమ్మయో, తండ్రి చెప్పలేనిచో మామయో చెప్పవచ్చును. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు, "నాకు తెలీదు, ఆసుపత్రిలో అడిగి తెలుసుకుందాం" అనుటలో చిన్నతనము లేదు. 1097 అను నంబరునకు ఫోను చేసినచో ఎచ్.ఐ.వి. విషయమున ఉచితముగా సలహా చెప్పుదురు. ఆపదలోనున్న పిల్లలకు 1098 కలదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట తుదకు చెప్పుచున్నాము. ఏనాడైన బిడ్డ తప్పటడుగు వేసి, గర్భముతోనో, వ్యాధితోనో, భగ్నమైన మనసుతోనో గడపలోనికి వచ్చినప్పుడు మనము పలుకు మొదటిమాట తిట్టు కారాదు. పరువు పోయెనని తలుపు మూసినచో ఆ బిడ్డ బావివైపు నడచును. వ్యాధికి మందు కలదు. ఎచ్.ఐ.వి.కి 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చుచున్నది. వానిని క్రమము తప్పక వాడువారు చిరకాలము ఆరోగ్యముగా జీవించుచున్నారు. గర్భిణి వేళకు వాడినచో బిడ్డనుకూడ చాలవరకు కాపాడవచ్చును. వ్యాధి సోకినవారిపట్ల వివక్ష చూపుటను 2017 నాటి చట్టము నిషేధించుచున్నది. పోయిన పరువు మరల వచ్చును. పోయిన బిడ్డ రాదు.

మా చిన్నవాడు నిరుడు పనికి బయలుదేరినప్పుడు, బస్సు వచ్చులోపల మేమిద్దరమును అరుగుమీద కూర్చుండి ఈ సంగతులన్నియు మాటలాడుకొంటిమి. మొదట మా గొంతే తడబడెను. వాడు తలవంచుకొని వినెను. బస్సు ఎక్కునప్పుడు మాత్రము వెనుకకు తిరిగి, "ఏమన్నా ఉంటే నీకే ఫోన్ చేస్తాలే నాయనా" అనెను. ఆ ఒక్కమాట వినుటకు మాకు ఇన్నేండ్లు పట్టినది. మీకు అంతకాలము పట్టకుండుగాక.