ఉరుము వినబడగానే ఇంట్లోకి: పిడుగుపాటు నుంచి పిల్లల రక్షణ

ఏప్రిల్, మే నెలల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో మధ్యాహ్నందాకా నిప్పులు చెరిగిన ఎండ సాయంత్రానికి ఈదురుగాలికీ, ఉరుముల వానకూ దారితీయడం తరచుగా కనిపించేదే. కాగిన నేల వేడికి తేమగాలి వేగంగా పైకి లేచి పది కిలోమీటర్లకు మించిన ఎత్తు వరకు నల్లమబ్బుగా పేరుకొంటుంది. ఆ మబ్బులో మంచు పలుకులు, చిన్న వడగళ్లు ఒకదానినొకటి ఒరుసుకొన్నప్పుడు విద్యుదావేశాలు వేరుపడి, గాలి అడ్డుకోలేనంతగా పెరిగి, నేలకు దిగితే దానినే పిడుగు అంటారు. దాని దారిలోని గాలి రెప్పపాటులో సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచించగా పుట్టే ధ్వనే ఉరుము.

ధ్వని కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది గనుక, మెరుపుకూ ఉరుముకూ నడుమ 30 సెకన్లు గడిస్తే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో పడిందని అర్థం. అంత దూరమైనా నిశ్చింతకు తావులేదు; వాన మొదలుకాని చోట కూడా పిడుగు పడగలదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలోనే 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది.

పొలాల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా చెట్టు నీడ. పిడుగు చెట్టు మీద పడినప్పుడు కొంత విద్యుత్తు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, మిగిలినది వేళ్ల చుట్టూ నేలలో వ్యాపిస్తుంది. అప్పుడు రెండు పాదాలు ఆనిన చోట్ల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి శరీరం గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. దీనిని అడుగు వోల్టేజి అంటారు. ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కావడం వల్లనే, చెట్టు కింద చేరిన గొర్రెల మందలో అనేకం ఒకే పిడుగుకు చనిపోతాయి.

అందుచేత ఉరుము వినబడగానే జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో, పులివెందుల చీనీ తోటల్లో ఉన్నవారూ, పెన్నలో దిగిన పిల్లలూ, గండికోట లోయ అంచున నిలిచిన సందర్శకులూ వెంటనే పక్కా భవనంలోకి గానీ, అద్దాలు మూసిన కారు, బస్సుల్లోకి గానీ చేరాలి. పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు, ఆటో, మోటారు సైకిలు రక్షణ ఇవ్వవు. ఇంట్లో ఉన్నవారు కుళాయిలకూ, ఛార్జింగులో ఉన్న ఫోన్లకూ దూరంగా ఉండి, చివరి ఉరుము వినబడిన 30 నిమిషాల తరువాతనే బయటికి రావాలి. ఏ ఆశ్రయమూ దొరకనివారు ఒకరికొకరు దూరంగా, పాదాలు దగ్గరగా చేర్చి కూర్చోవాలే తప్ప నేలపై పడుకోకూడదు. అయితే ఇది గత్యంతరం లేనప్పటి ఉపాయమే గాని రక్షణ కాదు.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు గనుక ముట్టుకోవడానికి భయపడనక్కరలేదు. శ్వాస ఆగితే 108కు ఫోను చేయించి, ఛాతీ మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కుతూ ఉంటే ప్రాణం నిలిచే అవకాశం ఉంటుంది.

ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు తలచుకోవడం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. అది ధైర్యాన్నిచ్చేదే కాబట్టి విడిచిపెట్టనవసరం లేదు గానీ, ఆ పేర్లు పలుకుతూనే కాళ్లు ఇంటి దారి పట్టాలి. వాతావరణ శాస్త్రజ్ఞులు రూపొందించిన ‘దామిని’ యాప్ దగ్గరలోని పిడుగుల హెచ్చరికలను తెలుపుతుంది గనుక, ప్రతి విద్యార్థీ దానిని ఇంట్లోవారి ఫోనులో పెట్టించి, చేలో ఉన్న తల్లిదండ్రులకు, మందతో వెళ్లిన కాపరులకు సకాలంలో కబురందించే బాధ్యతను స్వీకరించాలి.