మా యరుగు మీది రేడియో



నేడు నేను ముచ్చటింపబోవునది గొప్పవారి చరిత్ర కాదు. మా మణుగూరులో ఒక పెంకుటింటి యరుగు మీద నలువది సంవత్సరములపాటు ప్రతి సాయంకాలమును కూడి రేడియో వినుచుండిన కొందఱు సామాన్యుల ముచ్చట. మీ గ్రామములందును ఇట్టి యరుగు ఒకటి ఉండియే యుండును. కావున మఱచినదానిని జ్ఞప్తికి దెచ్చుట మాత్రమే నా పని.

మణుగూరు గోదావరికి దక్షిణపు టొడ్డున, భద్రాచలమునకు ఎగువను ఉన్నది. బొగ్గు గనులు రాకముందు అడవి నడుమ చిన్న యూరు. 1948 వఱకు ఏటికి ఈవల నైజాము రాజ్యము, ఆవల భద్రాచలము మద్రాసు రాష్ట్రము. ఆ యేడు సెప్టెంబరు 17వ తేదీన, తన సేనలు పోరు మానినవని నైజాము ప్రభువు హైదరాబాదు రేడియోలో ప్రకటించిన వార్త మా యూరికి గాలిలో రాలేదు, మనుష్యుల కాళ్లమీద వచ్చినదని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు. ఊరిలో అప్పటికి ఒక్క సెట్టును లేదు.

మొదటి సెట్టును తెచ్చినవారు మా పెదనాన్నగారు. అది వాల్వుల సెట్టు. ఇటుకంత బరువైన పొడి బ్యాటరీ దాని ప్రక్కనే యుండవలెను. రెండు తాటిచెట్ల నడుమ రాగితీగ లాగి, చివరల పింగాణీ గుండ్లు కట్టితిమి. ఏటేటా తపాలా కార్యాలయములో రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకముమీద ముద్ర వేయించుకొనవలెను. ఆ ముద్ర వేయు పోస్టుమాస్టరుగారే సాయంకాలము వచ్చి మా యరుగుమీద కూర్చుండెడివారు. ఒక దర్జీ, పాఠశాల పంతులుగారు, ప్రక్క గూడెమునుండి వచ్చు కోయ పెద్ద ఒకరు, నేను: ఇదియే మా సభ. ఆ పెద్దను మేమందఱము ‘తాత’ అని పిలుచుచుండెడివారము.

మాకు మొదట వింతయైన విషయ మొకటి కలదు. దగ్గఱనున్న హైదరాబాదు పగటిపూట నూతిలోనుండి పిలిచినట్లు వినబడును. సముద్రము దాటిన కొలంబో ఎదుటి యింటనుండి పలికినట్లుండును. దీని మర్మమును పంతులుగారు విప్పి చెప్పిరి. మీడియంవేవు తరంగము పగలు నేలను ప్రాకుచు పోవును. పోను పోను అలసిపోవును. షార్టువేవు తరంగము ఆకాశమున కెగసి, సూర్యరశ్మిచే విద్యుత్తును పొందిన పొరను తాకి, వందల మైళ్ల యవతల దిగును. ఎగసిన తావునకును దిగిన తావునకును నడుమనున్న ఊళ్లకు అది వినబడదు. ఈ పొరలను గుఱించి మన వాల్తేరులోనే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు, ఆచార్య బి. రామచంద్రరావుగారు చిరకాలము పరిశోధనలు చేసిరి. రాత్రియైనచో పొరల తీరు మాఱును. పగలు పలికిన మీటరు రాత్రి పలుకదు. పదునొకండేండ్ల కొకమాఱు సూర్యునిపై మచ్చలు పెరుగుటయు తఱుగుటయు కలదు. దానినిబట్టి దూరపు కేంద్రములు దగ్గఱ యగుటయు, దగ్గఱివి మాయమగుటయు జరుగుచుండును. తాతకు ఈ మాట మిక్కిలి నచ్చెను. సూర్యునికి జ్వరము వచ్చినచో మన రేడియోకు నోరు పడిపోవునా యని నవ్వెడివాడు.

1952లో కేంద్రమంత్రి కేస్కరుగారి నిర్ణయము వలన ఆకాశవాణిలో సినిమా పాటలు ఆగిపోయెను. పాటల ప్రియులు సెట్లముల్లును కొలంబోవైపు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చినను, ఆ యలవాటు చాలమందికి పోలేదు. మా సభకు కొలంబో తెలుగు కార్యక్రమమన్న ప్రాణము. మీనాక్షి పొన్నుదురైగారి కంఠమును మా యూరివారు తమ ఆడపడుచు కంఠమువలె గుర్తుపట్టెడివారు. ఉత్తరదేశమున ఝుమ్రీ తెలయ్యా యను చిన్న పట్టణము, పాటలు కోరుచు వ్రాసిన ఉత్తరముల మూలముననే దేశమంతటికిని తెలిసినది. మా దర్జీయు తన యూరికి అంతటి కీర్తి తేవలెనని కార్డు వెంట కార్డు వ్రాసెను. ఒక్కమాఱు మణుగూరు పేరు పలికిరని ఆయన ప్రమాణము చేసి చెప్పును. ఆనాడు మిగిలినవారము ఎవరమును అచ్చట లేము. కావున ఆ సంగతి ఇప్పటికిని వివాదాస్పదమే.

శ్రీరామనవమినాడు మాత్రము కొలంబోకు సెలవు. కల్యాణము జరుగునది ఏటి యావల. మా చెవికి చేరునది విజయవాడ కేంద్రము మీదుగా, ఉషశ్రీగారి వ్యాఖ్యానముతో. పడవ దాటలేని ముసలివారందఱును ఆనాడు సెట్టు ముందు అక్షతలు పట్టుకొని కూర్చుండెడివారు.

ఇంతవఱకు చెప్పినది వేడుక. ఇక నా తప్పును చెప్పెదను.

1986 ఆగస్టులో గోదావరి పొంగెను. అప్పటికి వాల్వుల సెట్టు పోయి ట్రాన్సిస్టరు వచ్చినది. కరెంటు లేదు, త్రోవలు తెగినవి. ఊరిలోని టార్చిలైట్ల సెల్లులన్నియు ప్రోగుచేసి, వార్తల వేళ మాత్రమే సెట్టు తెఱచుచుంటిమి. ఆగస్టు 15 రాత్రి హైదరాబాదు కేంద్రమును 60 మీటర్ల బ్యాండులో పట్టితిని. వాన, ఉఱుములు. ధ్వని అలవలె లేచుచు పడుచున్నది. భద్రాచలమువద్ద నీటిమట్టమును చెప్పి, “తగ్గే సూచనలు” అనినంతవఱకు నాకు వినబడెను. తరువాత బరబర తప్ప మఱేమియు లేదు. నేను లేచి వీధిలోనికి పోయి వరద తగ్గునట యని కేక వేసితిని.

ఆ మాట నమ్మి, మిట్టకు చేరిన రెండు కుటుంబములవారు ధాన్యమును పశువులను చూచుకొందమని తమ పల్లపు టిండ్లకు దిగిపోయిరి. తెల్లవాఱుజామున నీరు వారిని చుట్టుముట్టెను. మఱునాడు భద్రాచలమువద్ద మట్టము 75.6 అడుగులకు చేరినది; అంతకు మించిన వరద అక్కడ లెక్కకెక్కలేదు. వారు ఇంటి కప్పుమీద నుండగా పడవవారు తెచ్చిరి. ప్రాణములు దక్కినవి. ఒకరి ఎడ్లజత కొట్టుకొనిపోయినది.

ఎవరును నన్ను ఒక్కమాట యనలేదు. అదియే నాకు భరింపరానిదయ్యెను. తాత మాత్రము నా ప్రక్కన కూర్చుండి, “ఆఖరు మాట విన్నవా?” అని యడిగెను. వినలేదంటిని. ‘సూచనలు లేవు’ అని వారు చెప్పియుందురు; ఆ ‘లేవు’ అను రెండక్షరములను నేను పోగొట్టితిని. నీరు తీసిన పిదప ఎడ్లు పోగొట్టుకొన్న ఆసామి వద్దకు పోయి ఉన్నది చెప్పితిని. ఆయన, “నువ్వొక్కడివే ఎందుకు విన్నవు? ఇంకొకర్ని కూచోబెట్టుకోలేదా?” అనెను. దీనికి నాయొద్ద సమాధానము లేదు. ఆ రాత్రి నేను సెట్టును ఎవరి చేతికిని ఇయ్యలేదు. నా చెవికన్న మేలైన చెవి లేదనుకొంటిని.

అప్పటినుండి మా యరుగుమీద ఒక కట్టుబాటు వచ్చెను. ఏ ముఖ్యమైన వార్తయైనను ఇద్దఱు వినవలెను. ఇద్దఱును వేర్వేఱు కాగితములమీద వ్రాయవలెను. చదువు రానివాడు ప్రక్కవాని చెవిలో చెప్పి వ్రాయింపవలెను. రెండును సరిపోలినగాని వీధిలో చెప్పరాదు. తాత చదువుకొనలేదు, కాని మా యందఱి కంటె సన్నని శబ్దమును పట్టినవాడు ఆయనయే. ఆయన మాటలను పంతులుగారు వ్రాసెడివారు.

ఈ కట్టుబాటు పిదప మాకు వేఱొక వేడుకకు త్రోవ చూపెను. పరదేశపు కేంద్రములకు, ‘మీ ప్రసారము ఫలానా తేదీన, గ్రీనిచ్చి కాలమానమున ఫలానా వేళ, ఇంత బలముగా, ఇంత రొదతో వినబడినది’ అని నివేదిక వ్రాసినచో, వారు నిజమని ధ్రువపఱచుచు బొమ్మల కార్డు పంపుదురు. ప్రపంచమంతట ఈ వ్యసనపరులు ఉన్నారు. మన వేళనుండి అయిదున్నర గంటలు తీసివేయుట పోస్టుమాస్టరుగారి పని. జర్మనీనుండి మొదటి కార్డు వచ్చిననాడు ఆయన దానిని సంచిలోనుండి తీసి, తానే యిచ్చుటకు మధ్యాహ్నపు టెండలో నడచి వచ్చెను.

1989లో కొత్తగూడెమున ఆకాశవాణి కేంద్రము వచ్చెను. ఎఫ్.ఎమ్. ధ్వని అద్దమువలె నిర్మలము. మన మాట మన చెవికి చక్కగా చేరుట మంచిదే, కాదనను. కాని అంత స్పష్టముగా పలుకుదానిని వినుటకు రెండవవాడు అక్కఱలేదు. ఎవరి యింట వారు వినిరి. పిదప ఎవరి జేబులో వారు వినుచున్నారు. అరుగు పలుచబడెను. తాత పోయెను, పంతులుగారు పోయిరి. కేంద్రములును పోవుచున్నవి. ఆస్ట్రేలియా రేడియో 2017 జనవరి 31న షార్టువేవు మానెను. బి.బి.సి. హిందీ ప్రసారములు 2020 జనవరి 31న ఆగెను. ఆ తేదీ దగ్గఱపడినచో పోస్టుమాస్టరుగారికి భయము పట్టుకొనుచున్నది.

సెట్టు ఇంకను నాయొద్ద కలదు. ఇంటిలో పెట్టినచో ఎల్.ఇ.డి. దీపములును, ఫోను చార్జర్లును చేయు రొదకు ఏమియు వినబడదు. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగులు వచ్చినపుడు, మా వీధికి కరెంటు లేని ఒక రాత్రి, అది నాటివలె పలికెను. ఆనందింపవలసిన సమయము కాదని యెఱిగియు, క్షణకాలము ఆనందించితిని. పిదప పోస్టుమాస్టరుగారిని పిలిచి కూర్చుండబెట్టుకొని, ఆయన చేతికొక కాగితము నిచ్చితిని.

ఇప్పుడు మేము మిగిలినవారము ముగ్గురము. వేసవిలో, రొదకు దూరముగా, గోదావరి యిసుకలోనికి సెట్టు తీసికొని పోవుదుము. మొన్న ఒకనాటి సాయంకాలము, ఏ దేశమో తెలియని కేంద్ర మొకటి సన్నగా వినబడెను. వేర్వేఱుగా వ్రాసి కాగితములు మార్చుకొంటిమి. పోస్టుమాస్టరుగారు ‘ఆడకంఠము, వార్తలు’ అని వ్రాసిరి. నేను ‘మగకంఠము, పాట’ అని వ్రాసితిని. దర్జీ తన కాగితముమీద ‘మణుగూరు పేరు చెప్పిరి’ అని వ్రాసియుండెను.