పసిఫిక్ దీవుల్లో మనవాళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

“ముప్పై ఏండ్లు సోషల్ చెప్పినవు కదా, మాకూ ఒక పాఠం చెప్పు” అన్నారు సంఘం వాళ్లు. సిలబస్‌లో నాకు ఎన్నడూ తగలని పాఠం ఒకటి ఎంచుకున్నాను. భయపడకండి, చివర్లో పరీక్ష లేదు.

మన రామగుండం భూమధ్యరేఖకు పైన పద్దెనిమిది, పందొమ్మిది డిగ్రీల మధ్య ఉంటుంది. గ్లోబు మీద రేఖకు కింద ఇంచుమించు అన్నే డిగ్రీలు లెక్కపెట్టి, తూర్పుగా పసిఫిక్ మహాసముద్రం నడుమకు పోతే ఫిజీ దీవులు కనబడతాయి. హైదరాబాద్ నుంచి దాదాపు 11,500 కిలోమీటర్లు. మొత్తం 300కు పైగా దీవులు, మనుషులుండేవి వంద చిల్లర. పెద్దది వీటీ లేవు, తర్వాతది వనువా లేవు. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు కొండల తూర్పు వైపున వాన కురిపిస్తాయి కాబట్టి రాజధాని సువా ఎప్పుడూ తడిగానే ఉంటుంది. కొండలకు పడమటన ఉన్న నాందీ, లౌటోకా, బా ప్రాంతాలకు వాన తక్కువ. చెరకు పండేది అక్కడే. మనవాళ్ల కథ ఆ తోటల్లోనే మొదలైంది.

1874లో ఫిజీ బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. గవర్నర్ ఆర్థర్ గోర్డాన్ అక్కడి మూలవాసుల భూమిని బయటివాళ్లు కొనకుండా కట్టడి చేశాడు. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది చూశారా, ఆ తీరు. వాళ్లను తోటపనిలోకి లాగొద్దన్నాడు కూడా. మరి చెరకు కొట్టేదెవరు? 1879లో లియొనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి కూలీలను దించింది. 1903 నుంచి మద్రాసు ఓడలు మొదలైనాయి. 1916లో రవాణా ఆగేదాకా మొత్తం 60 వేల పైచిలుకు మంది పోయారు, అందులో మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లు దాదాపు 15 వేలు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు.

ఐదేండ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకునేవారు. అగ్రిమెంటు అన్న మాట కూలీల నోట గిర్మిట్ అయింది. వాళ్లుండే బారకుల పేరు లైన్లు. బాయి పనికి వచ్చి లేబర్ లైన్లలో సంసారం పెట్టినవాళ్ల పిల్లలం మనం, ఆ మాటకు అర్థం మనకు వేరే చెప్పనక్కర్లేదు. అయితే అక్కడ పదడుగులు, ఏడడుగుల గదిలో ముగ్గురు మగవాళ్లను పెట్టేవారు. నూరు మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు. తోటలో ఓవర్సీరు మాట్లాడేది హిందుస్తానీ. తెలుగు, తమిళం తప్ప రానివాడికి ఏం పని చెప్తున్నారో తెలియదు, తెలియక తన్నులు తినేవాడు. తొలి ఏండ్లలో దక్షిణాది కూలీల్లో ఆత్మహత్యలు ఎక్కువగా ఉండటానికి ఈ ఒంటరితనం కూడా కారణమని నా అభిప్రాయం. కూలీలు ఆ బతుకును నరకం అనే పిలిచేవారు. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ అక్కడికి పోయి చూసి రాసిన నివేదిక మన దేశంలో అలజడి రేపింది. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

ఇప్పుడు మన గురువుల కోసం చెప్పే భాగం. ఒప్పందం తీరి, కౌలుకు భూమి తీసుకుని బతుకు మొదలుపెట్టిన ఈ మనుషులు ముందుగా కట్టుకున్నవాటిలో బడి ఒకటి. 1926లో నాందీలో సాధు కుప్పుస్వామి ముందు నిలిచి తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం స్థాపించారు. రామకృష్ణ మిషన్ స్వాములు వచ్చి తోడయ్యారు. 1949లో నాందీలో వివేకానంద హైస్కూల్ వచ్చింది. ఇవాళ సంగం కింద ఇరవైకి పైగా బడులున్నాయి, నర్సింగ్ కాలేజీ ఉంది. అయితే సంగంలో తమిళానికే పెద్దపీట అన్న అసంతృప్తితో 1941లో తెలుగువాళ్లు విడిపోయి దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. దూరదేశం పోయినా మనం మనమే!

ఇంతచేసినా తెలుగు ఇంట్లో నిలవలేదు. లైన్లలో హిందుస్తానీ, బడిలో హిందీ, ఇంగ్లీషు, పెండ్లిళ్లలో కలిసిన ఉత్తరాది చుట్టరికాలు. రెడ్డి, నాయుడు అన్న పేర్లున్న ఇండ్లలో ఇవాళ వినబడేది ఫిజీ హిందీ. కొన్ని బడుల్లో తెలుగు ఒక పాఠంగా నడుస్తున్నది. భాష మీద వాళ్లకు ప్రేమ తక్కువై ఇట్లా జరిగిందని నేననుకోను. టైంటేబుల్‌లో చోటు దొరకని భాష రెండు తరాలకు వంటింట్లోనూ చోటు పోగొట్టుకుంటుంది. ఇక్కడ ఇంగ్లీషు మీడియం గురించి తర్వాత భోజనాల దగ్గర కొట్లాడుకుందాం.

భూమి సంగతి ఇంకా బరువైంది. ముప్పై ఏండ్ల కౌళ్లు 1997 నుంచి తీరిపోతూ వచ్చాయి. కొత్త కౌలు దొరకని కుటుంబాలు తాత నాటిన మామిడిచెట్టును వదిలి పట్నం శివార్లకో, ఆస్ట్రేలియాకో, న్యూజిలాండ్‌కో పోయాయి. రిటైరైన నెలల్లో కంపెనీ క్వార్టర్ తాళంచెవి అప్పగించిన ఇండ్లు ఈ సభలో ఎన్నో ఉన్నాయి. భూమి మూలవాసులదే, అది న్యాయమే. వందేండ్లు దున్నినవాడి బాధా అబద్ధం కాదు. 1987, 2000 తిరుగుబాట్ల తర్వాత వలస మరింత పెరిగింది. ఒకప్పుడు ఫిజీ జనాభాలో సగమున్న భారతీయులు 2007 లెక్కల్లో 37 శాతం చిల్లర.

ఫిజీలోనే రాబీ అని ఇంకొక దీవి ఉంది. తెలుగువాళ్లది కాదు, అయినా గనుల వాళ్లం కాబట్టి వినాలి. ఉత్తరాన చాలా దూరంలో బనాబా అనే చిన్న దీవిలో 1900లో ఫాస్ఫేట్ దొరికింది. తవ్వి తవ్వి దీవి పై మట్టి అంతా ఎరువుల కోసం తరలించారు. 1945 డిసెంబరులో అక్కడి జనాన్ని ఓడలో తెచ్చి రాబీలో దింపారు. వాళ్లు కొత్త దీవిలో నాలుగు ఊళ్లు కట్టుకుని పాత ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు. ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊళ్ల పేర్లు పునరావాస కాలనీలకు ఎందుకు పెట్టుకుంటారో మనకు తెలుసు.

ఒక మాట అడిగి ముగిస్తాను. ఫిజీకి పోయిన ప్రతి కూలీకి ఒక పాసు కాగితం ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు. ఇవాళ మునిమనుమలు ఆ కాగితం నకలు పట్టుకునే మన జిల్లాల్లో ఊరు వెతుక్కుంటున్నారు. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లలోనూ తండ్రి పేరు, పని, సొంతూరు రాసి ఉన్నాయి. అందులో కొన్ని ఊళ్లు ఇప్పుడు మట్టిదిబ్బల కింద ఉన్నాయి. మొదటి పదేండ్ల రిజిస్టర్ల అంచులు చెదలు తింటున్నాయి. స్కానింగ్ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే సభ అయినాక హెడ్‌మాస్టర్ గారిని కలవండి. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది.