రీల్స్‌లో పులులు, ఊళ్లో సమాధులు

మా ముదిగుబ్బలో ఈ మధ్య ఒక పిల్లోడి స్టేటస్ చూశా. పరిటాల రవి ఫొటో, కింద సినిమా మ్యూజిక్. ఇంకో పిల్లోడు మద్దెలచెరువు సూరి ఫొటో పెట్టాడు. ఇద్దరూ ఒకే క్లాస్!

తమ్ముళ్లూ, ఒక్కసారి తేదీలు చూడండి. 1975లో రవి నాన్న శ్రీరాములును చంపారు. 1983లో సూరి నాన్న గంగుల నారాయణరెడ్డిని చంపారు. పొలాలతో పాటు పగ కూడా కొడుకులకు వచ్చింది. 1993లో సూరి ఇంట్లో టీవీ బాంబు పేలి ఇంటివాళ్లు పోయారు.

1997 నవంబర్ 19. హైదరాబాద్‌లో 'శ్రీరాములయ్య' సినిమా ప్రారంభానికి వెళ్లి రవి తిరిగొస్తుంటే కారు బాంబు పేలింది. రవి బతికాడు. 20 మందికి పైగా చనిపోయారు. అందులో కవరేజీకి వచ్చిన ఈటీవీ వాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ పగతో ఏం సంబంధం, చెప్పండి?

2005 జనవరి 24న అనంతపురం పార్టీ ఆఫీసులో రవిని కాల్చేశారు. అప్పుడాయన ఎమ్మెల్యే. 2011 జనవరి 3న సూరి వంతు. ఆ కేసులో యావజ్జీవం పడింది అవతలి వర్గం వాళ్లకు కాదు, సూరి వెంటే తిరిగిన భాను కిరణ్‌కు.

36 ఏళ్లలో గెలిచిందెవరు? రవికి, సూరికి సినిమాలన్నా వచ్చాయి. ఆ కెమెరా వాళ్ల ఫొటో స్టేటస్‌లో పెట్టినోడు నాకు ఒక్కడూ కనపడలేదు.

ఈసారి రీల్ షేర్ చేసేముందు వాళ్లను గుర్తుచేసుకోండి. ఉంటా మరి.