ఇంటి పిల్లికి టీకాలు



ఆ మధ్య ఒక శుభకార్యానికై ముమ్మిడివరం వెళ్ళినప్పుడు, మేము బస చేసిన ఇంటిలో చిన్న తగవు జరుగుతున్నది. ఆ ఇంటి మనుమరాలు ఒక పిల్లికూనను తెచ్చుకున్నది. దానికి టీకాలు వేయించవలెనని ఆ బాలిక పట్టు. "పిల్లికి టీకాలేమిటే, విడ్డూరం కాకపోతే! మా కాలంలో ఏ పిల్లికి వేయించాము?" అని మామ్మగారి వాదం. రేడియోలో పనిచేసేవారికి సమస్తమూ తెలిసి ఉంటుందన్న నమ్మకంతో తీర్పు మాకు విడిచిపెట్టారు. ఆనాడు మేము తొందరపడి జవాబు చెప్పలేదు. తరువాత పశువైద్యులను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులను ఈ పూట మనవి చేస్తున్నాము.

మామ్మగారి మాటలో నిజం లేకపోలేదు. కోనసీమలో పిల్లిని పనిగట్టుకొని పెంచేవారు తక్కువ. అదే వచ్చి చేరుతుంది. అటక మీద కురిడీ కాయలు, గదిలో ధాన్యం బస్తాలు ఉన్న ఇంటికి ఎలుక తప్పదు. ఎలుక ఉన్నచోటికి పిల్లి తప్పదు. పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని సామెత. ఏడిళ్ళు తిరిగిన పిల్లికి యజమాని ఎవరు? అందరి పిల్లి కనుక దాని ఆరోగ్యం ఎవరికీ పట్టకుండా పోతున్నది. అందుచేత మొట్టమొదట నిర్ణయించుకోవలసినది టీకా సంగతి కాదు, ఆ పిల్లి మనదా కాదా అన్నది. మనము దానికి అన్నం పెడుతున్నామా? మన పిల్లలు దానిని ఒడిలో పెట్టుకుంటున్నారా? అయితే అది మనదే. తక్కిన విషయాలన్నీ ఆ తరువాతివి.

టీకాలలో ముందుగా ఆలోచించవలసినది రేబిస్ టీకా. ఇది పిల్లి కోసమే కాదు, మన కోసం కూడా. పిచ్చికుక్క కాటు అనగానే అందరమూ భయపడతాము; పిల్లి గీరితే తుడుచుకొని ఊరుకుంటాము. కాని కుక్క కరచిన పిల్లికి ఆ వ్యాధి సోకగలదు, పిల్లి నుండి మనిషికీ రాగలదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో అత్యధిక భాగం కుక్కల వల్లనే అన్నది నిజమే. అంతమాత్రాన పిల్లి కాటును ఉపేక్షించరాదు. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి మందు లేదనే చెప్పవలెను. మన దేశంలో రేబిస్ వల్ల ఏటా 5,700 మందికి పైగా మరణిస్తున్నారని 2024లో ప్రకటితమైన ఒక పరిశోధన అంచనా వేసినది.

కూనకు 12 వారాలు నిండిన పిదప ఈ టీకా వేయించవలెను. ఏడాది తరువాత మరల ఒకటి. ఆపైన వాడిన మందును బట్టి ఏటేటా గాని, మూడేళ్ళకొకసారి గాని వైద్యులు చెప్పినట్లు. వీధి వదలి రాని పిల్లికి ఇది తప్పనిసరి. గడప దాటని పిల్లికి కూడా వేయించడమే మేలు; కోనసీమ ఇళ్ళలో తలుపులు ఎంతసేపు మూసి ఉంటాయో శ్రోతలకు తెలియనిది కాదు.

రెండవది పిల్లి ప్రాణానికి సంబంధించినది. నిన్నటిదాకా ఆడిన కూన ఒక్కసారిగా ముడుచుకొని పడుకుంటుంది, పాలు ముట్టదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. రెండు మూడు రోజులలో ఈతలోని కూనలన్నీ వరుసగా పోతాయి. ఎవరో విషం పెట్టారని ఇరుగుపొరుగులను అనుమానించేవారు ఉన్నారు. చాలాసార్లు అది పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధి. దీని వైరస్ నేలమీద, గిన్నెలమీద నెలల తరబడి బ్రతికి ఉంటుంది. చెప్పులకు అంటుకొని ఇంటిలోకి రాగలదు. ఫినాయిలును నమ్ముకొనరాదు, అది పిల్లులకే విషం. పలుచని బ్లీచింగు నీటితో కడగడం పని చేస్తుంది. ఈ జబ్బుకూ, పిల్లులకు జలుబు, కంటిపుసి, నోటిపుండ్లు కలిగించే మరి రెండు వైరస్‌లకూ కలిపి ఒకే టీకా ఉన్నది.

దీనిని ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల కొకసారి, 16 వారాలు నిండేవరకు వేయించవలెను. ఒక్కటి చాలదా అని అడుగుతారు. తల్లి చనుబాల వల్ల కూనకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం అదే టీకాను పనిచేయనీయదు. అది ఎప్పుడు తరుగుతుందో ఒక్కొక్క కూనకు ఒక్కొక్క తీరు. అందుకే మరల మరల వేయడం. మొదటి రెండూ వేయించి చివరిది మానివేసినవారు, వేయించామన్న ధీమాతో ఉంటారు గాని కూనకు రక్షణ కలిగినదో లేదో చెప్పలేము. ఎదిగిన పిల్లి అయితే మూడు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు చాలు. కడుపుతో ఉన్న పిల్లికి వైద్యుని అడగనిదే ఏ టీకా వేయించరాదు.

టీకాలో ప్రమాదం బొత్తిగా లేదని చెప్పము. ఒకటి రెండు రోజులు పిల్లి మందకొడిగా ఉండవచ్చును. సూది వేసినచోట చిన్న గడ్డ కట్టవచ్చును. ఆ గడ్డ మూడు నెలలైనా పోకపోతే, రెండు సెంటీమీటర్లు మించితే, లేదా నెల దాటినా పెరుగుతూ ఉంటే వెంటనే చూపించవలెను. అరుదుగా అది పుట్టకురుపు కాగలదు. కనుకనే అక్కరలేని టీకాలు ఏటేటా పొడిపించడం కూడా వివేకం కాదు. ఈ మూడు జబ్బుల టీకాను, కూన వయస్సులో క్రమంగా పూర్తిచేసి, ఏడాదిలోపున ఇంకొకటి వేయించిన తరువాత, సాధారణంగా మూడేళ్ళ దాకా ఆగవచ్చును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. పిల్లి గీరినదని పిల్లలు ఇంటిలో చెప్పరు. చెబితే పెద్దలు దానిని గోనెసంచిలో వేసి ఏటి అవతల వదలివస్తారని వారి భయం. పెద్దలకేమో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004లోనే ఆగిపోయినది. ఇప్పుడు చేతికి వేసే కొద్దిపాటి సూదులే. పిల్లికి టీకా వేయించినా సరే, కరచినా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆనాడే ఆసుపత్రికి వెళ్ళవలెను. పసుపు, సున్నం, కారం అద్దరాదు. నిజం చెప్పిన బిడ్డను దండించరాదు; పిల్లిని పారవేయరాదు. పది రోజులు దానిని కనిపెట్టి చూడడం వైద్యునికి కూడా ఉపయోగం.

పశువైద్యశాలకు వెళ్ళే ముందు మందు ఉన్నదీ లేనిదీ కనుక్కోండి. పిల్లిని మూత గల బుట్టలో తీసుకొనివెళ్ళండి. వేసిన తేదీలు ఒక పుస్తకంలో వ్రాయించుకోండి. జులై 6న, 1885లో పాశ్చర్ మహాశయుడు ఒక బాలునికి రేబిస్ టీకా వేసిన దినాన, పశుసంవర్ధక శాఖవారు ఉచిత శిబిరాలు పెట్టడం వాడుక. పిల్లులకు కూడా వేస్తారేమో అడిగి చూడండి.

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలని ఎలుకలు తర్కించుకున్నాయట. పిల్లికి టీకా ఎవరు వేయించాలని ఏడిళ్ళవారమూ తర్కించుకుంటూ కూర్చోరాదు. మామ్మగారికి మా జవాబు ఇది: మీ కాలంలోనూ కూనలు పోయినవి, మీరు వాటిని పెరటిలో కొబ్బరిచెట్టు మొదట పూడ్చిపెట్టినారు. అప్పుడు చేయగలిగినది అంతే. ఇప్పుడు అలా కాదు. కనుక ఈసారికి మనుమరాలి మాట వినండి.