కొరమేనుకు తగిన గాలం

నూజివీడు మామిడితోటలకు ఆనుకుని ఉన్న చెరువుల్లో కొరమేను తామరాకుల కింద, గుర్రపుడెక్క నీడన మాటు వేస్తుంది. గాలి పీల్చుకోవడానికి అప్పుడప్పుడూ పైకి రావాల్సిందే. నీటిమీద లేచే ఆ బుడగే వేటగాడికి ఆనవాలు.

వెదురుకర్ర, కప్పపిల్ల ఎర ఇప్పటికీ పనిచేస్తాయి. రీలుతో దూరం విసరాలనుకునేవారికి మాత్రం ఆరున్నర, ఏడు అడుగుల కర్ర కావాలి. కొస కాస్త వంగాలి, నడుము గట్టిగా నిలవాలి. కొత్తవారికి స్పిన్నింగ్ రీలు సుఖం. బెయిట్‌కాస్టింగ్ రీలు గుబురులోంచి బలంగా లాగుతుంది కానీ, బొటనవేలి అదుపు తప్పితే దారం చిక్కుపడుతుంది.

అసలు కిటుకు దారంలో ఉంది. 30 నుంచి 50 పౌన్ల అల్లిక దారం నైలానులా సాగదు. అందుకే దూరంలో కూడా గాలం గట్టిగా దిగుతుంది. రీలుమీద అది జారకుండా ముందు కొన్ని చుట్లు నైలాను చుట్టాలి.

అమెరికా సరస్సుల్లో మస్కీ చేపకైతే 80 పౌన్ల దారం, ఎనిమిది తొమ్మిది అడుగుల కర్ర వాడతారు. దాని పదునైన పళ్లకు దారం తెగకుండా కొసన ఉక్కుతీగ కడతారు. కొరమేనుకు అంత హంగు అక్కర్లేదు. రబ్బరు కప్ప చాలు. చేప అందుకోగానే గుంజకూడదు, దారం బిగిశాకే కర్ర ఎత్తాలి.

వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపును తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. వాటిని వదిలేయండి. చెరువులో గాలం వేసేముందు పాటదారుల అనుమతి తీసుకోండి.