ఆగస్టు 20: మనం మరచిన రోజు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పుకొనే వాళ్ళం. మా తెలుగులో తప్పులుంటే మన్నించాలి.

ఆగస్టు నెల రాగానే మనకు 15వ తేదీ గుర్తుకు వస్తుంది. జెండా ఎగరవేస్తాము, పిల్లలకు మిఠాయిలు పంచుతాము. అది మన ధర్మం. కాని అయిదు రోజుల తరువాత వచ్చే 20వ తేదీ సంగతి ఎందరికి తెలుసును? దానిని ప్రపంచ దోమల దినమంటారు. నవ్వకండి. ఆ దినానికి కారణమైన పని జరిగింది లండనులో కాదు, మన సికింద్రాబాదులో.

మలేరియా అంటే ఇటలీ భాషలో చెడుగాలి. బురద నేలల నుండి వచ్చే గాలి పీలిస్తే చలిజ్వరం వస్తుందని వెనుకటివారు నమ్మేవారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో ఈ జబ్బు క్రిమిని చూశాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లా చేరుతుందో మాత్రం తేలలేదు. దీనిని తేల్చడానికి పూనుకున్నవాడు సైన్యంలో డాక్టరుగా ఉన్న రోనాల్డ్ రాస్. ఈయన 1857లో అల్మోరాలో పుట్టాడు.

1897 వేసవి. పంకా లాగిస్తే కోసిన దోమల ముక్కలు ఎగిరిపోతాయని, ఆయన ఉక్కలోనే కూర్చొని పనిచేశాడు. చెమటకు ఖుర్దబీన్ మరలు త్రుప్పు పట్టాయి. ఖుర్దబీన్ అంటే సూక్ష్మదర్శిని, మా క్లాసులో అలాగే అంటాము. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఆ దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. రక్తం త్రాగిన ఒక్కో దోమకు ఒక్కో అణా కూలి. ఆగస్టు 16న కుట్టిన దోమలలో ఒకదానిని 20న కోసి చూడగా, దాని పొట్ట గోడలో నల్లని చుక్కలున్న కణాలు కనిపించాయి. అవి మలేరియా క్రిమివే. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద పరిశోధించి రాస్ మిగిలిన దారి కూడ తేల్చాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరిట బేగంపేటలో ఒక భవనం నేటికీ ఉన్నది.

ఈ పాఠం చెబుతుండగా ఒక కుర్రవాడు లేచి, "సార్, మరి హుసేన్ ఖాన్‌కు ఏమిచ్చారు?" అన్నాడు. "అణాలిచ్చారు బేటా" అన్నాము. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. వాడు అంతకుముందే చలిజ్వరంతో మూడు వారాలు మంచం పట్టి లేచినవాడు. వాళ్ళ నాయన కూలిపని మానుకొని ఆసుపత్రి చుట్టూ తిరిగినాడు.

ఆ రోజే పిల్లలను వెంటబెట్టుకొని వీధిలో దోమల పుట్టుక చూపిద్దామని బయలుదేరాము. గేటు దాటనే లేదు. మా బడి వెనుక మూతలేని నీళ్ళ తొట్టిలోనే పురుగులు కదులుతున్నాయి. తక్కిన దోమల పురుగులు నీటిలో తలక్రిందులుగా వ్రేలాడుతాయి, మలేరియా దోమ పురుగు నీటిమీద అడ్డంగా పడుకుంటుంది. మా తొట్టిలో అడ్డంగా పడుకున్నవీ ఉన్నాయి. మునిసిపాలిటీని తిట్టడానికి సిద్ధమైన మేము పిల్లల ఎదుట తల వంచుకున్నాము.

ఏమరుపాటు ఎంత పని చేస్తుందో లెక్కలే చెబుతాయి. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేది, 8 లక్షల మంది చనిపోయేవారు. 1953లో ప్రభుత్వం దేశమంతటా పోరాటం మొదలుపెట్టింది. 1965 నాటికి జబ్బు లక్ష మందికి దిగింది. ఇక పోయిందనుకొని చేయి వదులు చేశాము. దోమలు కూడ డి.డి.టి.కి అలవాటు పడ్డాయి. 1976లో ఆ లెక్క 64 లక్షలకు ఎక్కింది. ఆ తరువాత మళ్ళీ పాటుపడితేనే తగ్గింది.

కాబట్టి మా మనవి చిన్నది. మన వాతావరణంలో గ్రుడ్డు దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు పడుతుంది. వారానికొకసారి నీళ్ళు పారబోసి, తొట్టి రుద్ది ఆరబెడితే అది దోమ కాకముందే చచ్చిపోతుంది. శుక్రవారం ఎలాగూ ఇల్లు వాకిలి శుభ్రం చేసుకుంటాము. అదే రోజున డ్రమ్ములు, కూలరు, పూలకుండీ క్రింది పళ్ళెం, పాత టైర్లు కూడ చూసుకుందాం. వాడకం లేని బావిలో దోమ పురుగులను తినే గంబూసియా చేపలు వదిలించమని అడుగుదాం. చలిజ్వరం వస్తే తాయెత్తుతో ఆలస్యం చేయక రక్తపరీక్ష చేయిద్దాం.

ఇప్పుడు మా బడి తొట్టికి మూత ఉన్నది. ప్రతి శుక్రవారం దానిని కడిగించే పెత్తనం ఆ కుర్రవాడిదే. ఈ ఏడు ఆగస్టు 20న మన సంఘం తరఫున సభ వద్దు, పూలదండలు వద్దు. ప్రతి ఇంట ఒక తొట్టి బోర్లించండి. హుసేన్ ఖాన్‌కు మనం బాకీ పడినది అంతే.